తలుపు బయట పదమూడో నెల

చీనా దేశంలో, ఉత్తరపు కొండల నడుమ, యున్‌హో అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని జెంగ్‌పో అనే రాజు పాలించేవాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. యుద్ధాలంటే గిట్టదు, ప్రజల్ని వేధించి ఎరగడు. ఆయనకున్న బలహీనతల్లా పండగలు. పండగంటే ఆయనకు ముందు వంటలు, మిగిలినవన్నీ ఆ తరవాతే.

ఆ రాజ్యంలో పండగలకు కొదవ లేదు. కొత్త సంవత్సరానికి ఆవిరి మీద ఉడికిన చేపలు, ఐదో నెలలో నది మీద డ్రాగన్ పడవల పందేలు, వెదురాకుల్లో చుట్టి ఉడికించిన జిగురుబియ్యపు పొట్లాలు, ఏడో నెలలో చనిపోయిన పెద్దల కోసం నీళ్ళలో వదిలే దీపాలు, ఎనిమిదో నెల పున్నమికి తామరగింజల ముద్ద కూరిన చంద్రబిళ్ళలు, తొమ్మిదో నెలలో చేమంతులు పట్టుకుని కొండలెక్కడం. రాజుగారు ఒక పండగ వంటలు అరగకముందే తరవాతి పండగ ఎప్పుడని అడిగేవాడు.

అక్కడ నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. చంద్రుడు పన్నెండు నెలలు పూర్తి చేసేసరికి సూర్యుడు తన చుట్టు ఇంకా పూర్తి చెయ్యడు, కొద్ది రోజులు వెనకబడతాడు. ఆ రోజులు పోగుపడి ఒక నెలంత అయినప్పుడు పంచాంగంలో ఒక నెలను అదనంగా చేరుస్తారు. మనవాళ్ళూ చేరుస్తారు, అధిక మాసం అంటారు. ఆ నెలలో పండగలుండవు, పెళ్ళిళ్ళుండవు. యున్‌హోలో దాన్ని పదమూడో నెల అనేవారు.

ఒక ఏడాది ఆ పదమూడో నెల సరిగ్గా చంద్రబిళ్ళల పండగకు ముందు వచ్చిపడింది. రాజుగారు అప్పటికే నోట్లో నీళ్ళూరుతూ కూర్చున్నాడు. ఇంకో నెల ఆగాలని తెలిసి ఆయన మండిపడ్డాడు.

"పండగ లేని నెల ఎవడిక్కావాలయ్యా? దాన్ని నా రాజ్యంలోంచి తరిమెయ్యండి!" అన్నాడు.

పంచాంగం రాసే పండితులు ఒకరి మొహాలొకరు చూసుకుని పంచాంగంలోంచి ఆ నెలను కొట్టేశారు. మర్నాడు ఊరూరా డప్పులు మోగాయి, టపాకాయలు పేలాయి. దుష్టమృగాన్ని తరిమినట్టు జనం పదమూడో నెలను పొలిమేర దాటించారు, అది తిరిగి రాకుండా తలుపుల మీద ఎర్రకాగితాలు అతికించారు. పిల్లలకైతే అది పెద్ద సరదా. రుయిలాన్ అనే చిన్నపిల్ల చేతులు నల్లబడేదాకా టపాకాయలు పేల్చింది. ఈ కథ ఆ పిల్లదే.

రుయిలాన్‌కు తల్లి తప్ప ఎవరూ లేరు. తల్లి పేరు షుఫెన్. ఏ పండగకు ఏ పిండివంట కావాలో అది చేసి రాజధాని బజారులో అమ్మేది. పదమూడో నెల పోయాక మొదటి ఏడాది ఎవరికీ తేడా తెలియలేదు. తరవాత పండగలు ఏటా కొంచెం కొంచెం ముందుగా రాసాగాయి. రుయిలాన్ తల్లి భుజం ఎత్తుకు ఎదిగేసరికి అంతా తలకిందులైంది. డ్రాగన్ పడవల పందెం నాడు నదిలో మంచుగడ్డలు తేలుతుండేవి. చంద్రబిళ్ళల పండగకు తామర ఇంకా మొగ్గ కూడా తొడిగేది కాదు, అందుకని కిందటేటి పురుగుపట్టిన గింజలే దంచి కూరేవారు. చేమంతుల పండగకు చేమంతి మొక్కలకు ఆకులే ఉండేవి. పండగల్ని చూసుకుని విత్తనాలు చల్లే రైతుల పొలాల్లో మొలకలు మంచుకు మాడిపోయేవి.

ఒక రోజు తెల్లవారాక షుఫెన్ లేవలేదు. రుయిలాన్ పిలిచింది, కుదిపింది, మొహాన నీళ్ళు చల్లింది. తల్లి ఊపిరి మామూలుగానే ఉంది కాని కన్ను తెరవలేదు. వీధి చివర కుమ్మరి కూడా అలాగే నిద్రపోతున్నాడు. మంగలివారి పసిబిడ్డ కూడా అంతే. పెదాల మధ్య గంజి చుక్కలు వేస్తే మొదట్లో మింగేవారు, రానురాను అదీ తగ్గింది. వైద్యులు చేతులెత్తేశారు.

"మా ఆయనకి జబ్బేంటో అర్థం కావట్లేదు తల్లీ," అంది కుమ్మరి భార్య ఒకనాడు. "అసలాయన పుట్టుకే ఓ తిక్క. పదమూడో నెలలో పుట్టాడు. పుట్టినరోజు ఎప్పుడొస్తుందో వాళ్ళమ్మకే తెలిసేది కాదు."

రుయిలాన్ దిగ్గున లేచింది. ఆమె తల్లి కూడా పదమూడో నెలలోనే పుట్టింది. మంగలివారింటికి పరుగెత్తి అడిగింది. వాళ్ళ బిడ్డ పుట్టిన రోజున తాతగారు పాత పంచాంగం తీసి చూస్తే, లెక్కప్రకారం అది పదమూడో నెలేనట. రుయిలాన్‌కు విషయం అర్థమైంది. తరిమేసిన నెల తన పిల్లల్ని తనతో తీసుకుపోతోంది.

"నేను వెళ్ళి ఆ నెలని వెనక్కి తీసుకొస్తాను. అమ్మని చూస్తూ ఉంటావా, అత్తా?" అంది తిరిగొచ్చి.

కుమ్మరి భార్య వద్దని ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని ఒక టపాకాయల దండ తెచ్చి రుయిలాన్ సంచిలో పెట్టింది. నెలల దారి కొండల మీద మొదలవుతుందని అందరికీ తెలుసు. ఆ దారికి కాపలాగా నియన్ అనే మృగం ఉంటుందని, అది ఏడాది మారే రోజున కొండ దిగి మనుషుల్ని తింటుందని, టపాకాయల చప్పుడుకు తప్ప దేనికీ బెదరదని కూడా తెలుసు. రుయిలాన్ వెదురు టోపీ పెట్టుకుని, దారికి నాలుగు అన్నం పొట్లాలు, చిన్న బుడ్డిలో నువ్వుల నూనె కట్టుకుని బయలుదేరింది.

కొండ కొన దగ్గర గుహ ముందు నియన్ కనిపించింది. సింహమంత తల, ఎద్దంత ఒళ్ళు. రుయిలాన్ చెకుముకి రాయి తీసి టపాకాయల వత్తికి నిప్పు అంటించబోయింది. అంతలో ఆమెకు ఒక సంగతి కనబడింది. మృగం ఆమెకు వీపు తిప్పి గోడవైపు మొహం పెట్టుకుని కూర్చుంది. దాని వీపు సగం బోడిగా ఉంది.

"ఇటు చూడకు! పో!" అంది నియన్.

"ఏమైంది నీకు?" అంది రుయిలాన్, రాయి చేతిలోనే ఉంచుకుని.

"ఏమైందా? నాకు చలికాలపు బొచ్చు మొలవకముందే మీ కొత్త సంవత్సరం వచ్చేస్తోంది. ఒళ్ళు సగం బోడిగా పెట్టుకుని కొండ దిగాల్సొస్తోంది. పోయిన పండక్కి పిల్లలు నన్ను చూసి నవ్వారు. నన్ను చూసి! నవ్వారు!"

రుయిలాన్‌కు నవ్వు వచ్చింది కాని పెదవి కొరుక్కుని ఆపుకుంది. చెకుముకి రాయి సంచిలో వేసేసింది. "నేను పదమూడో నెలని తీసుకురావడానికే పోతున్నా. అది వస్తే నీ బొచ్చు మొలిచాకే పండగొస్తుంది," అంది.

మృగం మెల్లగా తల తిప్పింది. దాని కళ్ళు తడిగా ఉన్నాయి. "నిజంగానా? అయితే పో. ఎవరినైనా తినాలంటే ముందు వాళ్ళు నన్ను చూసి భయపడాలి. నువ్వేమో నన్ను చూసి జాలిపడుతున్నావ్. నా ఆకలే చచ్చిపోయింది," అని గుహ ముందు నుంచి పక్కకు జరిగింది. గుహ అవతలి నుంచే నెలల దారి మొదలైంది.

ఆ దారిలో నెలలన్నీ వరసగా ఇళ్ళు కట్టుకుని ఉన్నాయి. మొదటి నెల ఇంటి ముందు మంచులో ప్లమ్ చెట్లు పూతకొచ్చాయి, ఐదో నెల పెరట్లో పడవలు బోర్లించి ఉన్నాయి. ఎవరి తలుపులూ తెరిచి లేవు. ఏడో నెల ఇల్లు దాటగానే ఒక నది అడ్డం వచ్చింది. మంచు కరిగిన వరదతో అది ఒడ్డుల్ని కొరుకుతూ పారుతోంది. ఒడ్డు పొడుగునా పొగలాంటి మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు. సాయంత్రపు ఎండ వాళ్ళలోంచి దూసుకుపోతోంది.

రుయిలాన్‌కు వాళ్ళెవరో తెలిసింది. వాళ్ళు చనిపోయినవాళ్ళు. ఏడో నెలలో తమ ఇళ్ళవాళ్ళను చూసుకోవడానికి వచ్చి, నీళ్ళలో తేలే దీపాల వెలుతురు పట్టుకుని తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు.

"ఎవరమ్మా నువ్వు? బతికున్నదానివి, ఇక్కడికెందుకొచ్చావ్?" అన్నాడు వాళ్ళలో ఒక ముసలాయన.

"అవతలికి వెళ్ళాలి తాతా."

"మేమూ వెళ్ళాలి. మీవాళ్ళు దీపాలు పెట్టకపోలేదు, పెట్టారు. పెట్టినవన్నీ ఈ వరదలో బోల్తా పడిపోయాయి. మా ఏడో నెలంటే నది నెమ్మదిగా పారే రోజులు. ఇప్పుడు చూడు. రెండేళ్ళుగా ఇక్కడే పడున్నాం. ఇటూ కాకుండా, అటూ కాకుండా."

రుయిలాన్ కాసేపు ఆలోచించింది. కాగితపు దీపం ఈ నీటిలో నిలవదు. ఆమె వెదురు టోపీ తీసి తిరగేసి చూసింది. వెడల్పుగా, గట్టిగా, గంపలా ఉంది. టపాకాయల దండ విప్పి మందు నేలమీద పారబోసింది. కాగితాలు తీసి టోపీ లోపల దళసరిగా పరిచింది. టపాకాయ వత్తులన్నీ కలిపి పేని ఒక లావు వత్తి చేసింది. అన్నం పొట్లం ఆకును దొన్నెలా మడిచి అందులో నువ్వుల నూనె పోసి దీపం వెలిగించింది. టోపీని నీటిమీద వదిలితే అది గిర్రున తిరిగింది, ఊగింది, కాని మునగలేదు.

ఒడ్డున ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి నిట్టూర్చారు. ముసలాయన ఆమె వైపు తిరిగి, "మా వెనకాలే రా. నీళ్ళు చూడకు, వెలుతురు చూసి నడువు," అన్నాడు. దీపం నీటిమీద పరిచిన పసుపు చార మీద వాళ్ళు ఒకరి వెనక ఒకరు నడిచారు. వాళ్ళ వెనక రుయిలాన్ నడిచింది. అవతలి ఒడ్డుకు చేరి చూసుకుంటే చెప్పుల అడుగులు మాత్రమే తడిశాయి. తల ఎత్తి చూస్తే ముందు నడిచినవాళ్ళెవరూ లేరు.

ఎనిమిదో నెల ఇంటి ముందు బంగారు రంగు పూల చెట్టు ఉంది. దాని కింద ఒక తెల్ల కుందేలు రోట్లో ఏవో మూలికలు దంచుతోంది. చంద్రుడిలో కనిపించే కుందేలు అదే. అది తల ఎత్తకుండానే మాట్లాడింది.

"పదమూడో నెల ఎక్కడుందో నాకు తెలుసు. అయితే నా ప్రశ్నకి జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే వచ్చిన దారినే పోవాలి. చంద్రుడు ఒక్క రోజూ తప్పలేదు, పున్నమికి పున్నమి, అమావాస్యకి అమావాస్య. సూర్యుడూ ఒక్క రోజూ తప్పలేదు. మరి మీ రాజ్యంలో కాలం చెడింది. తప్పెవరిది?"

రుయిలాన్ "మా రాజుది" అనబోయి ఆగింది. కుందేలు చెవులు నిక్కబొడుచుకుని ఎదురుచూస్తోంది. తల్లితో బజారుకు వెళ్ళే రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. తల్లి నెత్తిమీద బరువుతో నెమ్మదిగా వచ్చేది. తను గెంతుతూ ముందు పోయి, వంతెన రాతి మీద కూర్చుని, తల్లి వచ్చేదాకా కాళ్ళూపుకుంటూ ఉండేది. తల్లి వచ్చాక మళ్ళీ ఇద్దరూ కలిసి నడిచేవారు.

"వాళ్ళిద్దరి తప్పూ కాదు," అంది. "చంద్రుడి నడక త్వరగా ఉంటుంది, సూర్యుడిది నిదానం. ముందెళ్ళినవాళ్ళు ఎక్కడో ఒక చోట ఆగాలి. మేం ఆగే చోటు లేకుండా చేశాం."

కుందేలు రోకలి పక్కన పెట్టింది. "పదిమందినడిగితే పదిమందీ రాజుని తిట్టారు. నువ్వొక్కదానివే 'మేం' అన్నావు. ఈ చెట్టు వెనక దారి పట్టుకుని పో. ఇళ్ళు అయిపోయిన చోట ఉంది. పాపం, దానికి ఇల్లు లేదుగా."

ఇళ్ళ వరస దాటాక దారి పక్కన ఒక రాయి మీద ఒక స్త్రీ కూర్చుని ఉంది. బూడిదరంగు అంగీ, దానికి పొడుగాటి చేతులు. ఆమె మొహం ముసలిదీ కాదు, పడుచుదీ కాదు. ఆమె కాళ్ళకు చెప్పులు లేవు, మడమలు పగిలి ఉన్నాయి. రుయిలాన్ వంగి నమస్కరించింది.

"యున్‌హో పిల్లవు కదూ? టపాకాయలు తెచ్చావా?" అంది పదమూడో నెల.

"లేదమ్మా. మా అమ్మ లేవడం లేదు."

"తెలుసు. నా పిల్లలందరి మెలకువలూ ఈ అంగీ చేతిలోనే ఉన్నాయి." ఆమె కుడి చెయ్యి ఎత్తింది. పొడుగాటి గుడ్డలోపల ఏవో వెచ్చగా కదిలాయి, గూట్లో పిచ్చుకల్లాగ. "ఇన్నాళ్ళూ ఆగాను. ఎవరో ఒకరు రమ్మంటారని ఏటా పొలిమేర దాకా వచ్చి చూశాను. ఎవరూ పిలవలేదు. నా పిల్లలు కూడా నన్ను మరిచిపోయారు. అందుకే తీసుకొచ్చేశాను. ఈ కొత్త సంవత్సరం దాకా చూసి, ఆ తరవాత వాళ్ళని తీసుకుని పూర్తిగా వెళ్ళిపోతాను."

ఆమె అంగీ చేతిలోంచి ఒక మెలకువను తీసి అరచేతిలో పెట్టుకుంది. అది చిన్న వేడి వెలుగు. "ఇది మీ అమ్మది. ఇంత దూరం వచ్చావు, తీసుకుపో. నేను మాత్రం రాను."

రుయిలాన్ చెయ్యి చాచింది. తల్లి లేచి కూర్చోవడం కళ్ళముందు మెదిలింది. తీసుకోవాలనిపించింది, చాలా అనిపించింది. ఇంటికి పోయి తలుపులు వేసుకుని తల్లీ తనూ హాయిగా ఉండొచ్చు. అయితే తల్లి లేవగానే అడిగే మొదటి మాట ఏమిటో ఆమెకు తెలుసు. మంగలివారి బిడ్డ ఎలా ఉన్నాడు అని అడుగుతుంది. దానికి ఏం చెప్పాలి?

రుయిలాన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతదాకా ఏడవనిది అప్పుడు ఏడ్చింది.

"నేనూ పేల్చాను," అంది. "మిమ్మల్ని తరిమిన రోజున. అందరికంటే ఎక్కువ పేల్చాను. సరదాగా ఉంటే పేల్చాను. మీరు వింటున్నారని నాకు తెలీదమ్మా. అమ్మ ఒక్కదాన్నే తీసుకుపోతే మా అమ్మ నా మొహం చూడదు. మీరు రండి. మా ఇంటికి రండి. మాకున్నదొకటే గది. అందులోనే ఉందురుగాని."

పదమూడో నెల వెలుగును మళ్ళీ అంగీ చేతిలో పెట్టుకుంది.

"నాకు రావాలనే ఉంది. మీ తలుపుల మీద ఎర్రకాగితాలున్నాయి. 'పదమూడో నెలకు ప్రవేశం లేదు' అని రాసి అతికించారు. రాజు ఆజ్ఞ కాబట్టి ఏటా పాతదాని మీదే కొత్తది అతికిస్తున్నారు. మీ అమ్మ కూడా తన చేతులతో అతికించింది. వాటిని నేను దాటలేను. ముందు రాజు తన కోట గుమ్మం మీది కాగితం తన చేత్తో తియ్యాలి. తరవాత ఎవరి తలుపుది వాళ్ళు తియ్యాలి. నేను నీ వెనకాలే వచ్చి కోట బయట నిలబడతాను."

నెలల దారిలో వెళ్ళడమే కష్టం. తిరిగి రావడం తేలిక, ఏడాది ఎలాగూ ముందుకే దొర్లుతుంది కదా. రుయిలాన్ రాజధాని చేరేసరికి కొత్త సంవత్సరం ముంచుకొచ్చింది. కోట వంటశాలల్లో పొయ్యిలు వెలిగాయి. ఆమె రాజు ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది.

"కాగితం తీస్తే ఏమవుతుంది?" అన్నాడు రాజు అనుమానంగా.

"ఇన్నాళ్ళూ మనం తప్పించిన పదమూడో నెలలన్నీ వరసగా గడపాలి ప్రభూ. అవి అయ్యాకే కొత్త సంవత్సరం."

"ఒక్క పండగా లేకుండా? నెలల తరబడి?" రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. "కుదరదు! ఎవరక్కడ, ఈ పిల్లని బయటికి పంపండి!"

భటులు వచ్చి రెక్క పట్టుకున్నారు. రుయిలాన్ కదలలేదు. "ఒక్క మాట చెప్పండి ప్రభూ. ఈమధ్య తిన్న పండగ వంటల్లో మీకు రుచిగా అనిపించింది ఏదైనా ఉందా?"

రాజుకు తోటకూర కాడల్లాంటి చేపలు, పురుగుపట్టిన గింజలు, పులిసిన పిండి గుర్తొచ్చాయి. పందెం పడవలో కూర్చుని మంచుగడ్డల మధ్య చలికి వణికింది గుర్తొచ్చింది. ఆయన మెల్లగా కూర్చున్నాడు.

"లేదు. చాన్నాళ్ళయింది," అన్నాడు చిన్న గొంతుతో. "నా నాలికే పాడైందనుకున్నాను. ఎవరికీ చెప్పుకోలేకపోయాను." పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భటులు రుయిలాన్ రెక్క వదిలేశారు.

రాజు స్వయంగా నిచ్చెన ఎక్కి కోట గుమ్మం మీది కాగితాల్ని గోకాడు. కిరీటం జారి కింద పడినా పట్టించుకోలేదు. కబురు ఊరంతా పాకింది. జనం ఎవరి తలుపులు వాళ్ళు తడిపి గీకడం మొదలుపెట్టారు.

రుయిలాన్ తన ఇంటికి పరుగెత్తింది. ఏటేటా అతికించిన కాగితాలు చెక్కలాగ గట్టిపడ్డాయి. నీళ్ళు పోసి నానబెట్టింది, చెంచాతో గీకింది, చివరికి గోళ్ళతో గీకింది. గోళ్ళు చిట్లి వేళ్ళు మండాయి. ఆఖరి పొర ఊడి చేతికి వచ్చింది.

"ఎవరే అది? పొద్దున్నే తలుపు గీకుతున్నారు?" అంది లోపలి నుంచి ఒక గొంతు.

రుయిలాన్ తలుపు తోసింది. షుఫెన్ మంచం మీద లేచి కూర్చుని, జుట్టు ముడి వేసుకుంటూ, కళ్ళు చిట్లించి చూసింది.

"నువ్వా? ఆ చేతులేంటే, అలా చేసుకున్నావ్?" అని, ఆమె కూతురి భుజం మీంచి బయటికి చూసింది. "నీ వెనకాల ఎవరో ఉన్నారే. పాపం, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. గుమ్మంలో నిలబెట్టావేం? లోపలికి రమ్మను."

పదమూడో నెల గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వీధి చివర కుమ్మరి గట్టిగా ఆవులించాడు. మంగలివారింట్లో పసిబిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడవసాగాడు. ఆ ఏడుపు విని వీధి వీధంతా నవ్వింది.

రాజు తన మేనల్లుణ్ణి ఇచ్చి రుయిలాన్‌కు పెళ్ళి చేస్తానన్నాడు. కథన్నాక పెళ్ళి ఉండాలి కదా. "పదమూడో నెలల్లో పెళ్ళి మాటలేంటి ప్రభూ, పైగా ఇన్ని వరసగా ఉన్నాయి," అని రుయిలాన్ నవ్వి ఊరుకుంది. అవన్నీ గడిచి మొదటి సంవత్సరాది వచ్చేసరికి కొండల మీద పూలు పూశాయి, నదిలో చేపలు బలిశాయి. రాజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. మేనల్లుడు మంచివాడేనని తేలాక రుయిలాన్ అతణ్ణి పెళ్ళి చేసుకుంది, ఇద్దరూ చాలా కాలం సుఖంగా ఉన్నారు.

యున్‌హోలో పదమూడో నెల వస్తే ఇప్పటికీ పండగ చెయ్యరు. ఆ నెల మొదటి రోజున మాత్రం అన్ని ఇళ్ళ తలుపులూ తీసి ఉంచుతారు.